ఏడు పెన్సిల్ గీతలు

మే నెల మొదటి శనివారం మా చర్చికి రంగు వేసే రోజు.
ఊరంతా పాత చొక్కాల్లో వస్తుంది.
కాఫీ నాది, నిచ్చెనలు మగవాళ్ళవి,
ఎవరికి ఏ గోడో చీటీ మీద రాసేది పాస్టరమ్మ.
ఆవిడ ఈ ఊరికి కొత్త. తెలియదు.
హాల్వర్డ్ పేరుకెదురుగా రాసింది:
వెనకగది తలుపు, లోపలివైపు.

ఒకప్పుడు ఓస్లోలో న్యాయశాఖ ఆయన చేతిలో ఉండేది.
ఇప్పుడా చేతిలో రెండంగుళాల కుంచె.
ఎనభై ఒకటో ఏట కూడా
ప్రార్థనకి అందరికంటే ముందొచ్చి
మూడో బల్ల మీద కూర్చుంటాడు,
లెక్క తేలక ఆఫీసులో మిగిలిపోయిన గుమాస్తాలా.

రంగుడబ్బా పట్టుకుని నేనూ వెళ్ళాను.
వెళ్ళకుండా ఉండాల్సింది.

ఆ గదిలో ఒక చలికాలమంతా నలుగురు బతికారు.
కొసోవో నుంచి వచ్చినవాళ్ళు.
పాస్టరు అంగీలు వేలాడే కొక్కాలకి వాళ్ళ తడిబట్టలు,
ప్రభు రాత్రి భోజనపు గిన్నెల పక్కన ఉల్లిపాయలు.
పోలీసులు గుమ్మం తొక్కకూడదని కట్టడి.
అందుకని గేటు బయటే కారు,
ఇంజిను ఆపకుండా, మంచులోకి పొగ వదులుతూ.
చిన్నపిల్ల పేరు బెసా.
వాళ్ళ భాషలో ఇచ్చిన మాట అని అర్థమట.
నెలకోసారి పిల్లని తలుపుకి ఆనించి నిలబెట్టి
నెత్తి మీద పెన్సిలు అడ్డంగా పెట్టి గీత గీసేది వాళ్ళమ్మ.
అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా.

ఈస్టరు ముందు పిల్లకి జ్వరం.
ఆ ఆదివారం మంత్రిగారు సొంతూరి చర్చికి వచ్చారు.
పాటల మధ్య గోడవతల దగ్గు వినపడుతూనే ఉంది.
ఆయన గొంతు పెంచి పాడాడు. మంచి గొంతు.
బయటికి వస్తూ నా మోచెయ్యి తాకి,
"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనివ్వు.
దారిలో ఎవరూ ముట్టుకోరు. నా మాట" అన్నాడు.

సోమవారం తాళం తీసింది నేనే.

గేటు దాటాక పదమూడో అడుగు దగ్గర.
లెక్కపెట్టాను, తర్వాత, ఎన్నోసార్లు.
కాగితం మీద సంతకం ఆయనదే.
ఆదివారం నాకు మాటిచ్చేసరికి
శనివారమే సిరా ఆరిపోయింది.

నేను రాసిన మూడు ఉత్తరాలూ
చిరునామాదారు లేరని తిరిగొచ్చాయి.
పేపర్లో ఆయనన్నాడు: చట్టం చట్టమే,
వాళ్ళ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.
అబద్ధమని నేననను. ప్రార్థించే ఉంటాడు.
ఇన్నేళ్ళుగా నాకు మింగుడుపడనిది అదే.
మోకాళ్ళ మీదున్న మనిషికి
ఏం చెప్పి పంపిస్తాడు దేవుడు?
ఏమీ చెప్పలేదా,
చెప్పినదాన్ని ఈయన ఆఫీసు మెట్ల దగ్గర
తడిసిన గొడుగులా వదిలేసి లోపలికి వెళ్ళాడా?

పైనుంచి మొదలుపెట్టాడు. తెల్లరంగు.
సగానికి దిగేసరికి కుంచె ఆగింది.
ఏడు గీతలు. ఒక్కోదాని పక్కన సన్నని అంకె.
ఆరోదానికీ ఏడోదానికీ మధ్య గోరంత ఎడం.
కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు,
వంగితే సరిపోలేదు, మోకాళ్ళూనాడు.
అప్పుడు ఆయన నుదురు సరిగ్గా ఏడో గీతకి వచ్చింది.
చాలాసేపటికి,
"ఇప్పుడెంత పొడుగుంటుందో" అన్నాడు.

క్షమించమని అడగలేదు.
అడిగినా ఇవ్వడానికి నా దగ్గర లేదు.
ఆ తాళంచెవి ఇంకా నా నడుముకే వేలాడుతోంది.

లేవలేకపోయాడు. చెయ్యి చాపాడు.
నేను వెంటనే అందుకోలేదు.
కిటికీ అవతల ఎవరో నిచ్చెన జరుపుతున్నారు.
రేవుకి పడవ ఒకటి వచ్చి, ఆగి,
ఎవరూ దిగకపోతే వెళ్ళిపోయింది.
అంతసేపు.
తర్వాత పట్టుకుని లేపాను. బరువు మనిషి.

సాయంత్రం టర్పెంటైన్‌తో చేతులు కడుక్కోబోతే
ఆయన చేతి తెలుపు నా అరచేతిలో,
వేళ్ళ గుర్తులతో సహా.
పాస్టరమ్మ వచ్చి అడిగింది:
తలుపు సగమే వేశారేం, రంగు చాల్లేదా?

చాల్లేదు, అన్నాను.